సీజన్స్ ముందా, ఏజెస్ ముందా? రెండు ఒరాకిల్ ఆటల మీద చర్చ

కెఆర్‌పురం_ప్రయాణికుడు:

సభ్యులందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి అబ్బాయి ఇల్లు మారుతూ తన పాత గేమ్‌బాయ్ కలర్‌ను (నింటెండో వారి చేతిలో పట్టుకుని ఆడే యంత్రం), దానితో పాటు జెల్డా అనే సాహస ఆటల వరుసలోని ‘ఒరాకిల్ ఆఫ్ సీజన్స్’ కార్ట్రిడ్జ్‌ను నాకు ఇచ్చేశాడు. దానికి జతగా వచ్చిన ‘ఒరాకిల్ ఆఫ్ ఏజెస్’ను గత శనివారం బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణంలో వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు రెండూ నా బల్ల మీద ఉన్నాయి, ఒక్కదానినీ ఇంకా మొదలుపెట్టలేదు.

నేను రోజూ కె.ఆర్. పురం నుండి మెజెస్టిక్ వరకు మెట్రోలో వెళతాను. అరగంట పైచిలుకు ప్రయాణంలో కూర్చోవడానికి చోటు దొరికిన రోజున ఆడుకోవాలని నా ఆశ. ఏది ముందు ఆడాలని ఎవరిని అడిగినా “సీజన్స్‌లో పోరాటం ఎక్కువ, ఏజెస్‌లో పజిల్స్ ఎక్కువ” అన్న ఒక్క వాక్యమే జవాబుగా వస్తున్నది. ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు. రెండింటినీ చివరిదాకా ఆడినవారు కాస్త వివరంగా చెప్పగలరా? కథ ముందే తెలిసిపోయినా నాకు అభ్యంతరం లేదు.

పాత_కార్ట్రిడ్జ్:

ముందుగా ఈ జంట ఎలా పుట్టిందో చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

ఈ రెండు ఆటలనూ నింటెండో స్వయంగా తయారు చేయలేదు. క్యాప్‌కామ్‌కు చెందిన ఫ్లాగ్‌షిప్ అనే బృందం తయారు చేసింది. దాని పెద్ద యోషికి ఒకామోటో. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి. ఈయనే తరువాత ‘మినిష్ క్యాప్’కూ, ఇంకా చాలా ఏళ్ళకు ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’కూ దర్శకత్వం వహించాడు. మొదట వారి ఆలోచన 1986 నాటి తొలి జెల్డాను గేమ్‌బాయ్ కలర్ కోసం మళ్ళీ కట్టడం. ఆ ఆలోచన పెరిగి పెరిగి, ఈ వరుసలో వచ్చే ట్రైఫోర్స్ అనే పవిత్ర త్రికోణంలోని శక్తి, జ్ఞానం, ధైర్యం అనే మూడు గుణాలకు ఒక్కొక్కటి చొప్పున మూడు ఆటలుగా మారింది. అయితే ఒకదానిలో జరిగినదాన్ని మరొకదానికి మోసుకువెళ్ళాలన్నది వారి పట్టుదల కాబట్టి, మూడు ఆటలను ఎవరు ఏ వరుసలో ఆడినా పొసిగేలా చూడడం తలకు మించిన పని అయింది. మూడవదాన్ని వదిలేసి రెండింటిని మాత్రం 2001 ఫిబ్రవరి 27న జపాన్‌లో ఒకే రోజున విడుదల చేశారు. అమెరికాకు అదే ఏడాది మే నెలలో, ఐరోపాకు అక్టోబరులో చేరాయి.

వదిలేసిన మూడవ ఆట ఆనవాలు ఇంకా మిగిలే ఉంది. సీజన్స్‌కు నర్తకి డిన్, ఏజెస్‌కు గాయని నేరు భవిష్యవాణి చెప్పే స్త్రీలు. మూడవ ఆటకు ఉండవలసిన ఫరోరే, పాపం, రెండు ఆటలలోనూ ‘మాకు’ అనే పేరున్న మహావృక్షం దగ్గర ఒక మూల కూర్చుని మనం చెప్పే రహస్య సంకేతాలను సరిచూసే గుమాస్తాగా మిగిలిపోయింది. ఆమెను చూసినప్పుడల్లా నాకు కొంచెం జాలి కలుగుతుంది.

ఇంకొక మాట కూడా గమనించండి. విడుదలైన నెల రోజులు గడవకముందే, మార్చి 21న జపాన్‌లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చింది. అంటే ఇవి పాత యంత్రం ఆయుష్షు తీరుతున్న దశలో, దాని లోతుపాతులన్నీ తెలిసినవారు చేసిన ఆటలు. బొమ్మలూ, నడకా 1993 నాటి ‘లింక్స్ అవేకెనింగ్’వే అయినా, ఆ చిన్న తెర మీద ఇంతకంటే ఎక్కువ ఎవరూ పిండలేరని నా అభిప్రాయం.

ఇందులో మీ ప్రశ్నకు జవాబు ఏమిటంటే, సీజన్స్ ఆ తొలి పునర్నిర్మాణ ఆలోచనకు నేరుగా వారసురాలు. మొదటి డంజన్‌లో, అంటే శత్రువులు, చిక్కులు నిండిన గుహలో, అక్వామెంటస్, రెండవదానిలో డొడోంగో, ఆ పైన గోమా, డిగ్‌డాగర్, మాన్‌హాండ్లా, గ్లీయోక్ అందరూ 1986 నాటి బాస్‌లే, అంటే డంజన్ చివర ఎదురయ్యే పెద్ద శత్రువులే. ఏజెస్‌లో అలాంటి అప్పు లేదు. అక్కడ మీకు ఎదురయ్యేవారు దాదాపు అందరూ కొత్తవారు.

జయనగర_జానకి:

‘పోరాటం, పజిల్’ అన్న విభజనతో తృప్తి కలగలేదన్నారు కదా, ఆ మాట నాకు నచ్చింది. అది అబద్ధం కాదు గాని ఆటను బయట నిలబడి చూసినవారి మాట. లోపలికి వెళ్ళినప్పుడు ఈ రెండింటి తేడా వేరుగా తెలుస్తుంది. నా దృష్టిలో ఆ తేడా అంతా మన తలలో ఏర్పడే పటానికి సంబంధించినది.

సీజన్స్‌లో హోలోడ్రం అనే ఒకే దేశం ఉంది. చెట్టు మొద్దు మీద నిలబడి ఋతువుల దండాన్ని ఆడిస్తే, మీరు ఉన్న ప్రాంతంలో ఋతువు మారుతుంది. చలికాలంలో చెరువు గడ్డకట్టి దాని మీదుగా దారి ఏర్పడుతుంది, మంచు పేరుకుని ఎత్తైన గట్టు అందుతుంది. ఎండాకాలంలో గోడల మీదికి తీగలు పాకుతాయి, నీళ్ళు ఎండిపోతాయి. ఆకురాలే కాలంలో గుంతలు ఆకులతో పూడిపోతాయి, రాళ్ళలా బిగుసుకున్న పుట్టగొడుగులను పెరికివేయవచ్చు. వసంతంలో పువ్వు విచ్చుకుని మిమ్మల్ని పైకి ఎగరవేస్తుంది. ఈ మార్పు అంతా మీ కళ్ళ ఎదుట, అదే తెర మీద జరుగుతుంది. తప్పు ఋతువును పిలిస్తే మళ్ళీ మొద్దు ఎక్కి సరిచేసుకుంటారు. ఆ ప్రాంతం నుండి బయటికి వెళ్ళి తిరిగి వస్తే దాని సహజ ఋతువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. అంటే సీజన్స్ మిమ్మల్ని ఎక్కువ గుర్తుంచుకోమని అడగదు, చూడమని అడుగుతుంది.

ఏజెస్‌లో లాబ్రిన్నా అనే దేశం ఒక్కటే అయినా పటాలు రెండు. ఒకటి వర్తమానం, మరొకటి ఎన్నో ఏళ్ళ నాటి గతం. వీణలాంటి హార్ప్ మీద రాగం మారిస్తే మీరు ఉన్న చోటు అదే ఉంటుంది, కాలం మారుతుంది. మొదటి రాగం నిద్రపోతున్న కాలద్వారాలను మేల్కొలుపుతుంది, అంతే. రెండవ రాగంతో గతం నుండి వర్తమానానికి ఎక్కడి నుండైనా తిరిగి రావచ్చు. మూడవది దొరికాక గాని ఏ కాలం నుండి ఏ కాలానికైనా వెళ్ళే స్వేచ్ఛ రాదు. అవతలి కాలంలో సరిగ్గా అదే చోట గోడ గాని చెట్టు గాని ఉంటే ఆట మిమ్మల్ని ఉన్నచోటికే తిప్పి పంపుతుంది. కాబట్టి ప్రతి అడుగులోనూ ‘ఇక్కడ అప్పుడు ఏముంది?’ అని ఆలోచించాలి. ఇది చూపుతో అయ్యే పని కాదు, జ్ఞాపకంతో అయ్యే పని.

ఒక్క ఉదాహరణ చెబుతాను. వర్తమానంలో, నీళ్ళలో బతికే జోరాల రాజు ఎప్పుడో మరణించాడు. మీరు గతంలోకి వెళ్ళి, జబ్బుపడిన ఆ రాజుకు మందు తాగిస్తే, వర్తమానంలో అతడు సింహాసనం మీద బతికి ఉంటాడు. ఆ రాజు అనుమతి ఉంటేనే జబు జబు చేప కడుపులోని డంజన్‌కు దారి. కారణం ఒక కాలంలోనూ ఫలితం మరొక కాలంలోనూ ఉండే ఇలాంటి అల్లిక సీజన్స్‌లో దాదాపు లేదు.

మెట్రో ప్రయాణం సంగతికి వస్తే, ఇందిరానగర్ స్టేషన్‌లో ఆపివేసి మర్నాడు మళ్ళీ తెరిచినప్పుడు ‘నేను ఏం చేస్తున్నాను?’ అన్న ప్రశ్నకు సీజన్స్ తెరను చూడగానే జవాబు దొరుకుతుంది. ఏజెస్‌లో దొరకదు. నేను ఏజెస్‌ను ఒక చిన్న పుస్తకం పక్కన పెట్టుకుని ఆదివారాలు ఆడాను.

కత్తి_డాలు:

జానకిగారి విశ్లేషణ బాగుంది గాని, అందులో సీజన్స్‌ను తేలికైన ఆటగా తీసివేసిన ధోరణి కొంచెం కనిపిస్తున్నది. నేను దానికి ఒప్పుకోను.

సీజన్స్‌కు సుబ్రోసియా ఉంది. ఋతువుల ఆలయం భూమిలోకి కుంగిపోయి చేరిన పాతాళలోకం అది. అక్కడ ముసుగు కప్పుకున్న పొట్టివారు లావా పక్కన కాపురాలు చేస్తూ, రూపాయిల బదులు ఖనిజపు ముక్కలతో బేరాలాడుతూ, నాట్యశాలలో మనల్ని కూడా వరుసలో నిలబెట్టి ఆడిస్తారు. మొదటిసారి అక్కడ గెలిచి బూమరాంగ్ సంపాదించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏజెస్‌లో గతం అన్నది మరో రంగు పూసిన అదే ఊరు. సుబ్రోసియా మాత్రం నిజంగానే మరొక లోకం.

ఇక ఆయుధాల మాట. అయిదవ డంజన్‌లో దొరికే అయస్కాంతపు చేతి తొడుగులను తీసుకోండి. ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం మారుస్తూ గుంతల మీదుగా కథానాయకుడు లింక్‌ను లాక్కుపోవడం, ముళ్ళ గోళాన్ని అటూ ఇటూ ఈడ్చి డిగ్‌డాగర్‌ను పచ్చడి చేయడం ఎంత సరదాగా ఉంటుందో ఆడితేనే తెలుస్తుంది. ఏడవ డంజన్‌లో, గెంతడానికి వాడే ఈక పోయి దుప్పటి వచ్చాక గాలిలో తేలుతూ దాటే దూరాలు మరీ బాగుంటాయి. ఏజెస్‌లో ఏమున్నది? మత్స్యకన్య దుస్తులు వేసుకున్నాక ఒక్కొక్క బారకూ బొత్తాన్ని ఒక్కొక్కసారి నొక్కాలి. నా బొటనవేలు రెండు రోజులు నొప్పి పెట్టింది. పైగా జబు జబు కడుపులో మూడు అంతస్తుల నీళ్ళను ఎక్కించడం, దించడం, మళ్ళీ ఎక్కించడం. దాన్ని పజిల్ అనరు, నీటి ట్యాంకరు కోసం కాపలా కాయడం అంటారు.

జయనగర_జానకి:

ట్యాంకరు మాటకు నవ్వాను. బెంగళూరులో ఉన్నవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు. ఈత విషయంలో మీరు చెప్పింది నిజమే, అది విసుగు పుట్టిస్తుంది. అయితే నీటిమట్టం విషయంలో నేను పట్టు విడవను. ఆ డంజన్ మొత్తాన్ని ఒకే వస్తువుగా తలలో నిలుపుకోవాలి. ఒక అంతస్తులో నీరు ఏ మట్టంలో ఉందో తెలియకపోతే పై అంతస్తులో తలుపు అర్థం కాదు. దానికంటే ముందు వచ్చే ఆరవ డంజన్‌ను గుర్తు చేసుకోండి. మత్స్యకన్య గుహ గతంలోనూ వర్తమానంలోనూ ఉంటుంది, గతంలో ఒక గోడను బద్దలు కొడితే వర్తమానంలో అక్కడ దారి ఉంటుంది. ఆ రెండు డంజన్‌లు వరుసగా ఆడినప్పుడు నాకు కలిగిన తృప్తి సీజన్స్ మొత్తం మీద కలగలేదు.

సుబ్రోసియా గొప్పదని ఒప్పుకుంటున్నాను. ఆ సంగతి నేను ప్రస్తావించకపోవడం నా లోపమే.

శిశిరపు_ఆకు:

నేను ఆటలు తక్కువ ఆడతాను, మాటల మీద ఆసక్తి ఎక్కువ. జానకిగారు ‘ఆకురాలే కాలం’ అని జాగ్రత్తగా రాసినందుకు సంతోషించాను, ఎందుకంటే చాలామంది ఆ ఋతువును ‘శరత్తు’ అని అనువదిస్తారు. మనకు శరత్తు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. పండు వెన్నెల కాలం. ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాలలో, అంటే శిశిరంలో. మంచు కురిసేది దానికి ముందు వచ్చే హేమంతంలో. కాబట్టి హోలోడ్రంలో ఆకులు రాలిన తరువాత మంచు కురిస్తే, మన లెక్కలో మంచు తరువాత ఆకులు రాలుతాయి. మా అబ్బాయి దండాన్ని వరుసగా తిప్పుతున్నప్పుడు నాకు ఆ వరుస ఎప్పుడూ తలకిందులుగా తోస్తుంది. పైగా మన ఆరింటిలో అసలైనది, వానాకాలం, ఆ దేశంలో లేనే లేదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. తెలుగులో ‘ఎండాకాలం’లోనూ ‘కాలం’ ఉంది, ‘గతకాలం’లోనూ ‘కాలం’ ఉంది. ఇంగ్లీషు పేర్లలో రెండు వేరు వేరు విషయాలుగా కనిపించే ఈ ఆటలు తెలుగులో ఒకే మాట మీద నడుస్తాయి. ఒకటి గుండ్రంగా తిరిగే కాలం, రెండవది వెనక్కి పోయే కాలం. తిరిగే కాలంలో పోయినది మళ్ళీ వస్తుంది కాబట్టి పొరపాటుకు భయం లేదు. వెనక్కి పోయే కాలంలో ఒకచోట చేసిన పని మరొకచోట నిలిచిపోతుంది. జానకిగారు ‘చూపు, జ్ఞాపకం’ అని చెప్పిన తేడాకు మూలం ఇదేనని నాకు అనిపిస్తున్నది.

పాత_కార్ట్రిడ్జ్:

మీ మాటకు జపాన్ పేర్లు కొంత తోడు వస్తాయి. అక్కడ ఈ జంటకు ఉమ్మడిగా ‘వింత చెట్టు గింజలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. సీజన్స్ అందులో ‘భూమి అధ్యాయం’, ఏజెస్ ‘కాలాకాశ అధ్యాయం’. గింజలు అంటే రెండు ఆటలలోనూ చెట్ల నుండి కోసుకుని సంచిలో దాచుకునే అయిదు రకాల విత్తనాలు. నిప్పు పుట్టించేది ఒకటి, పరుగు వేగం పెంచేది ఒకటి, గాలిలో ఎత్తుకుపోయి మరో చోట దింపేది ఒకటి, ఇలా. సీజన్స్‌లో వాటిని ఉండేలుతో కొడతారు. ఏజెస్‌లో గొట్టంతో పేలుస్తారు, ఆ గింజ గోడకు తగిలి మూలల చుట్టూ తిరిగి పోతుంది. ఈ ఒక్క తేడాను చూసినా రెండు ఆటల స్వభావం తెలిసిపోతుంది. ఉండేలుకు గురి చాలు, గొట్టానికి లెక్క కావాలి.

హెబ్బాళ_అమ్మ:

ఆలస్యంగా చర్చలోకి వస్తున్నందుకు మన్నించండి. నేను ఈ రెండింటినీ మా పదేళ్ళ బాబుతో కలిసి ఆడాను కాబట్టి, పెద్దవారు దాటిపోయిన రెండు మూడు సంగతులు చెబుతాను.

వాడికి బాస్‌లు గుర్తులేవు. కంగారూ రికీ, నీళ్ళలో ఈదే డిమిట్రి, రెక్కలున్న ఎలుగు మూష్ గుర్తున్నారు. ఈ ముగ్గురిలో మీకు ఎవరిని పిలిచే వేణువు దొరుకుతుందన్నదాన్ని బట్టి హోలోడ్రంలోని నాట్జు ప్రాంతం పూర్తిగా మారిపోతుంది. డిమిట్రి అయితే అది నీళ్ళ ప్రాంతం, రికీ అయితే మైదానం. ఇది తెలియక మేము, పక్కింటివారి అబ్బాయి ఆటలో మా ఆటలో లేని నది ఎందుకున్నదని రెండు రోజులు వాదించుకున్నాము.

ఇంకొకటి ఊళ్ళో బిపిన్, బ్లాసమ్ అనే దంపతులు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టమని అడుగుతారు. అయిదు అక్షరాలే పడతాయి కాబట్టి మా వాడు చెల్లెలి ముద్దుపేరు పెట్టాడు. ఆ బిడ్డ మొదటి ఆటలో కొంత పెరుగుతుంది, రెండవ ఆటకు వెళ్ళినప్పుడు అదే పేరుతో అక్కడ కనిపించి ఇంకా పెద్దదవుతుంది. మధ్యలో వారు అడిగే ప్రశ్నలకు మనం చెప్పిన జవాబులు దాని స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ఆటను ముగించాలన్న తొందర కంటే బిడ్డ ఏమైందో చూడాలన్న ఆత్రుతే మా ఇంట్లో ఎక్కువగా ఉండేది.

చదవడంలో తడబడే పిల్లలకు సీజన్స్ ముందు ఇవ్వడమే మంచిది. ఏజెస్‌లో ఎవరు ఏ కాలంలో ఏ మాట అన్నారో గుర్తు లేకపోతే ముందుకు పోలేము. గోరాన్లు అనే కొండజాతివారి నృత్యం దగ్గర మాత్రం మా వాడు నన్ను మించిపోయాడు. నేను పదిహేనుసార్లు తప్పాను.

కెఆర్‌పురం_ప్రయాణికుడు:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. ఒక ఆట నుండి మరొకదానికి వెళ్ళడం గురించి పాత_కార్ట్రిడ్జ్‌గారు, అమ్మగారు ఇద్దరూ ప్రస్తావించారు. అది ఎలా జరుగుతుంది? నా దగ్గర ఉన్నది ఒకే గేమ్‌బాయ్, కేబుల్ లేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. నేను కొన్న ఏజెస్ కార్ట్రిడ్జ్ మీద అక్షరాలన్నీ జపాన్ భాషలో ఉన్నాయి. పెదనాన్నగారి అబ్బాయి ఇచ్చిన సీజన్స్ మాత్రం అమెరికా ప్రతి. దుకాణదారు ‘రెండూ ఒకటే సార్’ అన్నాడు.

పాత_కార్ట్రిడ్జ్:

ఒకటి కాదు. ఆ కార్ట్రిడ్జ్‌ను వీలైతే వెంటనే తిరిగి ఇచ్చేయండి. కారణం చెబుతాను.

కేబుల్ లేకపోయినా నష్టం లేదు. మొదటి ఆట ముగియగానే తెర మీద 20 గుర్తుల రహస్యం ఒకటి కనిపిస్తుంది. రెండవ కార్ట్రిడ్జ్‌లో కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు దాన్ని నమోదు చేస్తే, ఆ ఆట మొదటిదానికి కొనసాగింపుగా మొదలవుతుంది. మీ పేరు, బిడ్డ పేరు, మీ తోడు జంతువు ఎవరన్నది, అంతా ఆ 20 గుర్తులలో ఇమిడి ఉంటుంది. సేకరించిన ఉంగరాలను మోసుకుపోవడానికి 15 గుర్తుల రహస్యం వేరే ఉంది. ఉంగరాలు మొత్తం 64. ఇవి కాక, రెండవ ఆటలో కొందరు మనుషులు మీకు 5 గుర్తుల రహస్యాలు చెప్పి, మొదటి ఆటలో ఫలానావారికి చెప్పమంటారు. మీరు మొదటి కార్ట్రిడ్జ్‌ను మళ్ళీ పెట్టి, ఆ మనిషిని కలిసి, ఆ పని పూర్తి చేసి, జవాబు రహస్యాన్ని తెచ్చి ఫరోరేకు చెబితే మెరుగైన కత్తి, పెద్ద బాంబుల సంచి వంటివి దొరుకుతాయి.

ఈ గుర్తులు కూడా 64. ఇంగ్లీషు ప్రతిలో హల్లులు, అంకెలు, బాణాలు, పేకముక్కల గుర్తులు ఉంటాయి గాని అచ్చులు ఒక్కటీ ఉండవు. అనుకోకుండా ఏదైనా బూతు మాట ఏర్పడకుండా అలా చేశారని నా ఊహ. జపాన్ ప్రతిలో వీటి స్థానంలో వారి కనా అక్షరాలు ఉంటాయి. ఒక ప్రతి ఇచ్చిన రహస్యాన్ని మరొక ప్రతి తీసుకోదు. ఆట విడిగా ఆడుకోవచ్చు గాని, జంట జంటగా మిగలదు.

కార్ట్రిడ్జ్ లోపల ఆటను భద్రపరిచేది ఒక చిన్న బటన్ సెల్. అది ఇరవై ఏళ్ళు దాటినది కాబట్టి, కొనేటప్పుడు దుకాణంలోనే ఆటను సేవ్ చేసి, యంత్రం ఆపి, మళ్ళీ వేసి చూడండి.

కత్తి_డాలు:

ఇప్పుడు వరుస గురించి నా మాట. రెండవదిగా ఏది ఆడితే అది నిండుగా ఉంటుంది. జెల్డా యువరాణి వచ్చేది అందులోనే. మొదటి ఆటలో విలన్లయిన ఆనాక్స్ గాని వెరాన్ గాని ఇద్దరూ పనివారేనని, వెనుక ఉన్నది ట్విన్‌రోవా మాంత్రికురాళ్ళని తెలిసేది అందులోనే. సీజన్స్‌లో వినాశనపు జ్వాల, ఏజెస్‌లో దుఃఖపు జ్వాల వెలుగుతాయి. మూడవది నిరాశ జ్వాల, దానికోసం జెల్డాను ఎత్తుకుపోతారు. ఆ జ్వాలలతో వారు లేపాలనుకున్నది ఈ వరుసకంతటికీ పెద్ద విలన్ అయిన గానన్‌ను, చివరికి అతడు బుద్ధి లేని మృగంగా లేస్తాడు. కాబట్టి అడగవలసినది ‘ఏది ముందు?’ అని కాదు, ‘ఈ ముగింపును ఏ దేశంలో చూడాలి?’ అని.

నా జవాబు, ముందు ఏజెస్, తరువాత సీజన్స్. బుర్రకు పని ముందు పెట్టి, మెరుగైన కత్తితో, రెండు ఆటల ఉంగరాలతో హోలోడ్రంలోకి దిగండి. పోరాటం అక్కడే ఎక్కువ కాబట్టి ఆయుధాలు అక్కడే ఉపయోగపడతాయి.

జయనగర_జానకి:

నేను సరిగ్గా అదే వాదనతో వ్యతిరేక నిర్ణయానికి వస్తున్నాను. సీజన్స్‌లోకి అంత బలంతో వెళితే, ఉన్న కొద్దిపాటి కష్టమూ కరిగిపోతుంది. గ్లీయోక్ రెండు తలలు తెగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఏజెస్‌లో ఎంత మంచి కత్తి ఉన్నా జబు జబు నీళ్ళు మీ మాట వినవు. హెడ్ త్వాంప్ అనే బాస్ తల మీద బాంబు ఏ రంగు ముఖం తిరిగినప్పుడు పడాలో కత్తి చెప్పదు. అంటే బలం పెరిగినా ఆట పలచబడనిది ఏజెస్ ఒక్కటే. దాన్ని రెండవదిగా ఉంచుకోవడమే న్యాయం.

కథ కూడా అటే మొగ్గుతుంది. డిన్‌ను ఆనాక్స్ ఎత్తుకుపోయి బంధిస్తాడు, అంతే. నేరు విషయంలో వెరాన్ ఆమె శరీరంలోనే దూరి, గతంలోకి పోయి, ఆంబి రాణి చేత నల్ల బురుజు కట్టిస్తుంది. ఆ రాణి వంశంలో పుట్టిన రాల్ఫ్ వర్తమానంలో మీ వెంటే తిరుగుతుంటాడు. ఆంబిని చంపితే తాను పుట్టనే పుట్టడని తెలిసి కూడా అతడు కత్తి దూసి ఆమె మీదికి బయలుదేరే ఘట్టం ఉంది చూశారా, ఈ రెండు ఆటలలో నా గొంతు పట్టేసినది అదొక్కటే. ఇంత బరువున్న కథ మీద చివరి అంకం నిలబడితే బాగుంటుంది.

హెబ్బాళ_అమ్మ:

మా ఇంట్లో సీజన్స్ తరువాత ఏజెస్ ఆడాము. మళ్ళీ ఆడితే తలకిందులుగా ఆడాలని బాబు కోరిక, ఎందుకంటే సుబ్రోసియాలో రోసా అనే అమ్మాయి తరువాత ఏమైందో చూడాలట.

పాత_కార్ట్రిడ్జ్:

కత్తి_డాలుగారూ, మీ వరుసలో తర్కం ఉంది. అయినా ఈ సభ్యుడు మెట్రోలో నిలబడి, కూర్చుని, దిగుతూ, ఎక్కుతూ ఆడబోతున్నాడు. మొదటి ఆట ఏజెస్ అయితే మూడవ డంజన్ దగ్గరే వదిలేస్తాడని నా భయం. సీజన్స్‌తో మొదలుపెట్టడమే క్షేమం. ఒక సలహా కూడా చెబుతాను. గేమ్‌బాయ్ కలర్ తెరకు లోపల దీపం లేదు. ఎం.జి. రోడ్డు వరకు పట్టాలు పైన ఉంటాయి కాబట్టి ఎండ వెలుగులో తెర చక్కగా కనిపిస్తుంది. ఆ తరువాత సొరంగంలోకి దిగగానే కళ్ళు చికిలించవలసి వస్తుంది. బాస్‌ను అక్కడికి ముందే ముగించండి.

కెఆర్‌పురం_ప్రయాణికుడు:

ఆరు వారాల తరువాత ఈ చర్చకు తిరిగి వచ్చాను. జపాన్ ప్రతిని దుకాణదారు కొంత గొణిగి వెనక్కి తీసుకున్నాడు. వేరేచోట అమెరికా ప్రతి దొరికింది, సేవ్ చేసి చూసే కొన్నాను.

పాత_కార్ట్రిడ్జ్‌గారి సలహా ప్రకారం సీజన్స్‌తో మొదలుపెట్టాను. నిన్న ఆనాక్స్ ఓడిపోయాడు. అతడు డ్రాగన్‌గా మారాక మూడు రోజులు ఎం.జి. రోడ్డు నాకు సరిపోలేదు, మెజెస్టిక్ దాకా చీకట్లోనే పోరాడాను. హొరాన్ గ్రామంలో అడుగుపెట్టిన ప్రతిసారీ ఋతువు దానంతట అదే మారిపోవడం చూసి, శిశిరపు_ఆకుగారిని తలచుకున్నాను. జానకిగారు చెప్పినట్టు ఏ రోజు ఆపినా మర్నాడు దారి తెలిసింది. సుబ్రోసియా విషయంలో కత్తి_డాలుగారి పక్షాన ఉన్నాను.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. 20 గుర్తుల రహస్యాన్ని చేతికి దొరికిన కాగితం మీద రాసుకుని, ఇంటికి వచ్చి ఏజెస్‌లో నమోదు చేస్తే తప్పు అంటున్నది. నాలుగుసార్లు ప్రయత్నించాను. సీజన్స్ కార్ట్రిడ్జ్‌ను ఆఫీసు సొరుగులో మరచిపోయాను, మళ్ళీ చూసుకోవడానికి సోమవారం దాకా ఆగాలి.

హెబ్బాళ_అమ్మ:

మీ కాగితం మీద 6 అంకె ఎక్కడైనా ఉన్నదా? ఉంటే దాని స్థానంలో చిన్న ‘బి’ అక్షరం పెట్టి చూడండి. ఆ చిన్న తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా బాబు ఒక సాయంత్రమంతా దాని మీదే ఏడ్చాడు.

కెఆర్‌పురం_ప్రయాణికుడు:

రెండు చోట్ల 6 ఉంది. రెండవదాన్ని మార్చగానే ఒప్పుకుంది. ప్రాణానికి గుర్తులైన హృదయాలు మూడింటి బదులు నాలుగింటితో మొదలయ్యాను, చెల్లెలి కూతురి పేరు పెట్టిన బిడ్డ కూడా వచ్చినట్టే. చిన్న పుస్తకం ఒకటి కొన్నాను, జానకిగారూ. ఆదివారం మొదలుపెడతాను.